కలగూరగంపలో పడ్డ కేక

"ఏమండీ, ఆ తీగలన్నీ తెచ్చి ఒక్క ప్లగ్గులోనే గుచ్చారు. ఇల్లంటుకుంటే ముందు ఏం బయటికి తేవాలో ఇప్పుడే అనుకుందామా?"

పొద్దున్నే అలారమ్మ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. నిజానికి అప్పటికి ఏ తీగా ఏ ప్లగ్గులోనూ లేదు. కూతురి పాటల సామాను పెట్టెలు ఇంకా వ్యాను కూడా దిగలేదు.

మేస్త్రి పేపరు వెనకనుంచి తల తియ్యకుండానే, "ముందు నువ్వు బయటికి రా. మిగతావి నీ అరుపుకి వాటంతటవే నడిచొస్తాయి" అన్నాడు.

అలారమ్మ అన్నది కూతురి స్నేహితులు పెట్టిన పేరు. పెట్టిన రోజు ఆవిడకి కోపమొచ్చింది, మర్నాటికి అలవాటైపోయింది. తాడుని చూసి పాము అనుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. ఈవిడ తాడుని చూసి పాము అనుకుని, పాముకి జంట కూడా ఉంటుంది కదా అని మంచం కింద టార్చిలైటు వేసి వెతికే రకం. ఎవరైనా స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే చాలు, తలుపు దగ్గర నిలబడి "ఉన్నావా?" అని కేకేస్తుంది. లోపలున్నవాళ్ళు నోట్లో నురగ ఉన్నా సరే "ఉన్నా!" అని జవాబివ్వాలి. ఇవ్వకపోతే తలుపు విరిగిపోతుంది.

ఆ కేక ఆవిడ సొంతం కాదు, మొగుడి దగ్గర నేర్చుకున్నది. మేస్త్రి లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ పనిలో ఒకరు పైన స్విచ్చి దగ్గర ఉంటారు, ఒకరు అడుగున గోతిలో దిగుతారు. మధ్యలో అన్ని అంతస్తుల చీకటి. ఒకరికొకరు కనపడరు. అందుకని ఎవరు ఏం చెయ్యబోయినా ముందు "ఉన్నావా?" అని అడగాలి, అవతలి మనిషి "ఉన్నా" అనాలి. జవాబు రాకపోతే ఎవరూ కదలకూడదు. పెళ్ళైన కొత్తలో మేస్త్రి ఈ సంగతి సరదాగా చెప్పాడు. ఆవిడ సరదాగా వినలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. తండ్రి ముద్దుగా పిడుగు అని పిలిచేవాడు. చదువైపోయాక తనే వెంటబెట్టుకుని పని నేర్పాడు. "మా పిడుగు చెయ్యి పెడితే మొండి మోటారు కూడా సిగ్గుపడి తిరుగుతుంది" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. పిడుగేమో పగలు స్పానరూ సాయంత్రం గిటారూ పట్టుకుని రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది. అలా పెట్టినవాళ్ళకి ఏమవుతుందో అలారమ్మ చెబుతూనే ఉంది. ఎవరు వింటారు?

ఒకరోజు మేస్త్రి గోతిలో ఉన్నాడు, పిల్ల పైన ఉంది. పిల్లకి ఫోనొచ్చింది. మీ పాటలు వినడానికి రికార్డింగాయన ఒప్పుకున్నాడు, ఇప్పుడే వస్తే వింటాడట అని. పిల్ల మెయిన్ స్విచ్చి ఆపి, "నాన్నా, వెళ్ళొస్తా" అని కిందికి అరిచి పరుగెత్తింది. ఆ అరుపు ఏ అంతస్తులో చిక్కుకుపోయిందో గానీ గోతిదాకా రాలేదు. కాసేపటికి మేస్త్రి పైకి రాబోతూ "ఉన్నావా?" అన్నాడు. జవాబు లేదు. మళ్ళీ అన్నాడు. లేదు. పిల్ల చెయ్యి స్విచ్చి మీద ఉందా, పిల్లే కళ్ళు తిరిగి పడిపోయిందా, ఏమీ తెలీదు. కదలకూడదు. వాచ్‌మన్ వచ్చి చూసేదాకా ఆ మనిషి అలాగే గోడకి ఆనుకుని నిలబడి పిలుస్తూనే ఉన్నాడట.

ఇంటికొచ్చాక పిల్ల ఏడ్చింది. "మెయిన్ ఆపే వెళ్ళాను కదా నాన్నా" అంది.

మేస్త్రి పెళ్ళాం వైపు తిరిగి, "ఆపిందట. గోతిలో ఉన్నవాడికి ఆ సంగతి ఎవరు చెప్పారో అడుగు మీ కూతుర్ని" అన్నాడు.

అంతే. ఆనాటి నుంచి పిడుగు అన్న పేరు ఆ ఇంట్లో వినపడలేదు. 'మా పిడుగు' పోయి 'మీ కూతురు' వచ్చింది. పిల్ల లిఫ్టుల పని మానేసింది, తండ్రి పిల్లతో మాట మానేశాడు. మధ్యలో అలారమ్మ తపాలా బంట్రోతు అయింది. ముగ్గురూ ఒక్క బల్ల దగ్గర కూర్చుని తింటూండగానే, "ఉప్పు ఇటు జరపమని చెప్పు మీ కూతురితో" అని ఆయన, "జరిపానని చెప్పమ్మా" అని ఇది. ఉప్పుగిన్నె కూడా సిగ్గుపడేది. ఈ మాటలు ఇలాగే ఎండిపోతాయేమో, ఇద్దరిలో ఎవరికైనా ఏమైనా అయితే ఆఖరి మాట 'ఉప్పు జరుపు' అనే మిగిలిపోతుందేమోనని అలారమ్మ దిగులు. ఆవిడ భయాల్లో కాస్తో కూస్తో పునాది ఉన్న భయం ఇదొక్కటే.

అలాంటిది, పిల్లా దాని స్నేహితులూ కలిసి చేస్తున్న పాటల ఆల్బమ్ రికార్డు చెయ్యడానికి చోటు దొరకడం లేదని తెలిసిన రోజున మేస్త్రి అన్నం కలుపుకుంటూ గోడకి చెప్పినట్టు చెప్పాడు. "పాత మోటార్లు పెట్టుకున్న ఆ వెనక గది ఖాళీ చేస్తున్నా. నాకు అడ్డమని. ఎవరి కోసమో అని ఎవరూ అనుకోనక్కర్లేదని చెప్పు."

వ్యాను అందుకే వచ్చింది.

బృందం పేరు కలగూరగంప. పేరుకి తగ్గట్టే ఉండేది వాళ్ళ సంగీతం. పిడుగుది గిటారూ పాటా. బక్కపలచని కుర్రాడొకడు డ్రమ్ములు బాదేవాడు, వాణ్ణి అందరూ డబ్బా అనేవాళ్ళు. వయొలిన్ వాయించే పిల్ల ఒకతి, మాట నెమ్మది, వయొలిన్ రాక్షసి. మొదలు జోలపాటలా ఉంటుంది, సగానికి వచ్చేసరికి సైనికుల కవాతు అవుతుంది, చివరికి రైలు వంతెన మీద పోతున్నట్టు ఉంటుంది.

"జోలపాటకి జ్వరమొచ్చినట్టుందే" అంది అలారమ్మ మొదటిసారి విని.

"ఆంటీ, ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు!" అని డబ్బా ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. వాడి చేతి ఎముకలు చూస్తే, అంత బలంగా కొడితే డ్రమ్ము పగులుతుందో చెయ్యి విరుగుతుందో ఆవిడకి తేలలేదు.

రికార్డింగాయన ఎప్పుడూ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఉంటాడు కాబట్టి ఆయన చెవులాయన. ఇంట్లో ఉన్న దుప్పట్లూ పరుపులూ అన్నీ గోడలకి కట్టించాడు. "వీళ్ళ పాట నిద్రపోతుంది, మనం నేల మీద పడుకోవాలి" అని మేస్త్రి గొణిగాడు గానీ, మేకులు గట్టిగా దిగలేదని తనే మళ్ళీ కొట్టాడు. ఆఖరున చెవులాయన గుమ్మం మీద ఒక ఎర్ర బల్బు బిగించి అందర్నీ పిలిచి, "చూడండీ, ఈ ఎర్ర బల్బు వెలిగిందంటే..." అంటుండగా వంటింట్లో పాలు పొంగాయి. అలారమ్మ పరుగెత్తింది.

సగం మాట విన్నవాళ్ళకి మిగతా సగం సొంతంగా పూరించుకునే అలవాటు ఉంటుంది. లిఫ్టు మేస్త్రి పెళ్ళానికి ఎర్ర బల్బంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. లోపల మనిషి ఇరుక్కున్నాడని అర్థం.

కొన్నాళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు. వాళ్ళు వాయించేటప్పుడు ఆవిడ బజారుకో మేడ మీదికో వెళ్ళేది, ఆ మోత వింటే గుండె దడ అని. ఒక మధ్యాహ్నం మాత్రం వాన పట్టుకుంది. ఆవిడ వసారాలో బట్టలు మడతపెడుతోంది. లోపల పిల్ల చిన్నప్పుడు తను పాడిన జోలపాటే, డ్రమ్ముల మీదెక్కి ఊరేగుతోంది. మోత పెరిగింది, పెరిగింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఠక్కున ఆగిపోయింది.

చప్పుడు లేదు. గుమ్మం మీద చూస్తే ఎర్ర బల్బు.

కరెంటు కొట్టింది, పిల్ల పోయింది, డబ్బా కూడా పోయాడు, వాళ్ళమ్మకి ఏమని చెప్పాలి అనుకునేలోపే ఆవిడ నోరు లేచిపోయింది.

"ఏయ్! ఉన్నావా?"

లోపల పిడుగు కళ్ళు మూసుకుని ఉంది. ఆ నిశ్శబ్దం పాటలోదే, ఊపిరి బిగపట్టి మళ్ళీ విరుచుకుపడాల్సిన చోటు. కానీ పుట్టినప్పటి నుంచీ ఆ కేకకి జవాబిచ్చి ఇచ్చి అరిగిపోయిన నోరు కదా. ఆగుతుందా?

"ఉన్నా!"

పాడుతున్న శ్రుతిలోనే, ఉన్న గొంతంతా పెట్టి అంది. డబ్బా ఉలిక్కిపడి రెండు కర్రలూ ఒక్కసారి దించాడు. వయొలిన్ వెంటపడింది. రైలు వంతెన ఎక్కేసింది.

పాటైపోయాక తలుపు తీసుకుని చెవులాయన బయటికి వచ్చాడు. చెవులకి హెడ్‌ఫోన్లు లేవు. ఆయనకి చెవులున్నాయని అలారమ్మ చూడటం అదే మొదలు.

"అయ్యో బాబూ, పాడుచేశానా? నాకు తెలీదు బాబూ, ఎర్ర లైటు వెలిగితే ప్రాణం మీదికొచ్చిందని కదా!" అంటూ మడతపెట్టిన బట్టలన్నీ కింద పడేసింది.

"అమ్మా, ఎర్ర లైటంటే మాట్లాడొద్దని!" పిడుగు తల పట్టుకుంది.

"మాట్లాడొద్దంటే ఆకుపచ్చ లైటు పెట్టాలి. ఎరుపు చూస్తే ఎవరైనా అరుస్తారే!"

కేక లేకుండా మళ్ళీ మళ్ళీ వాయించారు. ఎన్నిసార్లు వాయించినా, పెళ్ళికూతురు లేని పెళ్ళిలా ఉందని డబ్బా పెదవి విరిచాడు. సాయంత్రానికి చెవులాయన తేల్చేశాడు. "ఆ కేకే ఉంచుదాం."

"నా గొంతా? ఊరంతా వింటుందా? జలుబు చేసిన గొంతు బాబూ. ఉండండి, మంచిగా అని ఇస్తా." ఆవిడ వేణ్ణీళ్ళు తాగి, జుట్టు దువ్వుకుని, మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడి, తియ్యగా రాగం తీస్తూ, "ఉన్నా...వా..." అంది. వయొలిన్ పిల్ల నవ్వాపుకోలేక పరుపు వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇందులో భయం లేదు ఆంటీ" అన్నాడు చెవులాయన మర్యాదగా.

"భయం కావాలంటే ముందే చెప్పొద్దూ! నా దగ్గర ఉన్నదే అది కదా."

ఆఖరికి మొదటి కేకే ఉండిపోయింది. ఆల్బమ్‌కి పేరు కూడా అదే పెట్టారు, ఉన్నావా అని. ఆ రాత్రి అన్నాల దగ్గర పిల్ల తల్లితో, "ఆ పేరు పెట్టుకోవచ్చా అని అడుగమ్మా. ఆ మాట ఆయన పనిది" అంది.

మేస్త్రి చాలాసేపు మజ్జిగ కలిపాడు. "మాట ఎవడి సొత్తూ కాదు. కానీ అడిగినవాళ్ళు జవాబు కోసం ఆగాలి. అది తెలిసే పెడుతోందా అని అడుగు" అన్నాడు. మర్నాడు వెనక గది తలుపు కిర్రుమనకుండా బందులకి ఎవరో నూనె వేసి ఉన్నారు. ఎవరు వేశారని అలారమ్మ అడిగితే, "నాకు చిరాకు. వాళ్ళ కోసం కాదు" అన్నాడాయన.

ఆల్బమ్ బయటికొచ్చింది. ఎవరూ వినరేమోనని అలారమ్మ ఒక పూట భయపడింది, అందరూ వింటారేమోనని ఇంకో పూట. మొదటి భయమే నిజమయ్యేలా కనపడింది. ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒక పేపర్లో విమర్శ వచ్చింది. పిడుగు దాచేసింది గానీ పక్కింటి టీచరమ్మ తెచ్చి చదివి వినిపించింది. "రాక్ అనుకుంటే జోలపాట, జోలపాట అనుకుంటే కవాతు. వీటిని ఏ గాటన కట్టాలో అర్థం కాదు. నడుమ ఒక ముసలావిడ ఆర్తనాదం కూడా ఉంది."

"ముసలావిడా!" అలారమ్మ కుర్చీలోంచి లేచింది. "గాటన కట్టడానికి అవేమైనా గొడ్లా? కట్టేస్తే కదలకుండా పడుంటాయనా? ముసలావిడట! జలుబు చేసిందని మొత్తుకున్నా వినలేదు ఈ పిల్లలు!"

పేపర్లో తిట్టినందుకే కొందరు విన్నారు. విన్నవాళ్ళు ఇంకొందరికి వినిపించారు. ప్రతి ఇంట్లోనూ ఒక అలారమ్మ ఉంటుంది కాబోలు, ఆ కేక దగ్గరికొచ్చేసరికి అందరికీ వాళ్ళ వాళ్ళ తలుపులు గుర్తొచ్చాయి. రేడియోలో వేశారు. కూరగాయల బండి అబ్బాయి వీధి చివరినుంచే "అమ్మగారూ, ఉన్నారా?" అని రాగం తీస్తే, మేడల మీంచి ఆడవాళ్ళు "ఉన్నాం!" అని బుట్టలు దించడం మొదలుపెట్టారు. ఆ రోజు అలారమ్మ లోపలికెళ్ళి అద్దంలో చూసుకుంది. ముసలావిడలా ఏమీ లేదు.

ఒకనాడు మేస్త్రి పనినుంచి ధుమధుమలాడుతూ వచ్చాడు. "చెప్పు మీ కూతురికి! ఇవాళ లిఫ్టులో కాలేజీ పిల్లలు ఇరుక్కున్నారు. పాపం భయపడుతున్నారేమోనని పైనుంచి 'ఉన్నారా?' అన్నా. అందరూ కలిసి పాట ఎత్తుకున్నారు! ఇరుక్కున్నవాళ్ళు ఏడవాలి గానీ డాన్సు చేస్తారా? లిఫ్టు ఊగిపోయింది!"

పిడుగు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి మీసం కూడా ఒక పక్కకి జరిగింది గానీ, వెంటనే చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. కుళాయి దగ్గర ఆ పాటే కూనిరాగం తీస్తున్నాడని అలారమ్మ చెవులారా విన్నది. పిల్లకి చెప్పలేదు. దిష్టి తగులుతుందని.

ఆదివారం సాయంత్రం పెద్ద హాల్లో కచేరీ పెట్టారు. పిల్ల రెండు టికెట్లు తెచ్చి బల్ల మీద, ఉప్పుగిన్నె కింద పెట్టింది. మేస్త్రి వాటిని చూసి, "ఆ హాల్లో లిఫ్టు కొత్తదట. ఎలా బిగించారో చూడాలి. అందుకే వస్తున్నా" అన్నాడు.

హాలు కిటకిటలాడిపోయింది. అలారమ్మ ముందుగా బయటికి దారులు ఎక్కడున్నాయో చూసుకుంది, తర్వాత పైకప్పు దీపాలు గట్టిగా ఉన్నాయా అని చూసింది, ఆ తర్వాతే కూర్చుంది. పాటలు ఒకటొకటిగా సాగాయి. డబ్బా చెయ్యి విరగలేదు. ఆఖరున జోలపాట అందుకున్నారు. పెరిగింది, పెరిగింది, ఠక్కున ఆగింది. స్పీకరు పెట్టెల్లోంచి అలారమ్మ కేక వినపడింది. "ఏయ్! ఉన్నావా?"

జనమంతా ఒక్క గొంతుతో, "ఉన్నా!" అన్నారు. కప్పు ఎగిరిపోతుందేమోనని ఆవిడ పైకి చూసింది.

డబ్బా కర్రలెత్తాడు. పిడుగు చెయ్యెత్తి ఆపింది. డబ్బా కర్రలు గాల్లోనే ఉండిపోయాయి.

"ఈ కేక మా అమ్మది" అంది పిడుగు మైకులో. జనం ఈలలు వేశారు. "మాట మాత్రం మా నాన్నది. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. అవతలి మనిషి జవాబిచ్చేదాకా ఎవరూ కదలకూడదు, అది ఆయన రూలు. ఒకరోజు ఆయన అడిగితే నేను జవాబివ్వలేదు. మెయిన్ ఆపాను కదా అని ఊరుకున్నా. గోతిలో నిలబడి పిలవడం ఎలా ఉంటుందో ఆయన నాతో మాట మానేశాక నాకు తెలిసింది." మైకు పక్కకి జరిపి, ఉత్త గొంతుతో పిలిచింది.

"నాన్నా! ఉన్నావా?"

ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. వయొలిన్ పిల్ల కమాను దించేసింది. పిడుగు కదల్లేదు.

అలారమ్మ పక్కకి చూసింది. మేస్త్రి ఎదురు సీటు వెనకభాగాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఉలకడు, పలకడు. ఈయనకి గుండె ఆగిపోయిందా? ఇంతమంది ముందు పిల్ల పరువు పోతుందా? జనం లేచి వెళ్ళిపోతారా? ఆల్బమ్ పోయి, కచేరీ పోయి, మళ్ళీ ఉప్పుగిన్నె దగ్గరికే వచ్చి పడతామా? జవాబు రాని కేకని ఒక్క క్షణం కూడా భరించలేని మనిషి ఆవిడ. మోకాలితో ఒక్క పోటు పొడుద్దామా అనుకుంది. ఆయన బదులు తనే "ఉన్నాడే తల్లీ" అని అరుద్దామా అనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నాళ్ళూ ఇద్దరి మాటలూ మోసీ మోసీ ఆవిడకి ఒక సంగతి తెలిసింది. ఇది మాత్రం తను మోసుకెళ్ళే మాట కాదు. సంచీ పట్టీ పళ్ళ మధ్య పెట్టుకుని గట్టిగా కొరికింది.

పిల్ల అక్కడ. తండ్రి ఇక్కడ. మధ్యలో అన్ని అంతస్తుల చీకటి.

సీటు కిర్రుమంది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. తర్వాత రెండు చేతులూ దొన్నెలా నోటి చుట్టూ పెట్టి, గోతి అడుగునుంచి పైనున్న మిషను గదికి వినపడేలా, గుండెల్లోంచి తెచ్చి అన్నాడు.

"ఉన్నానే పిడుగూ! ఉన్నా!"